ఎక్స్‌రేలో కనిపించని టెంక: ఒక లాబ్రడార్ పేగు ఆపరేషన్ కేసు

2025 మామిడి సీజన్‌లో చేసిన కేసు ఇది, జూన్ నెల. రాద్దాం రాద్దాం అనుకుంటూనే రోజులు గడిచిపోయినాయి. ఆపరేషన్‌గా చూస్తే గొప్పేం లేదు, పేగు కోసి టెంక తీసి కుట్టేయడం, మన ఫీల్డ్‌లో సర్జరీ చేసే వాళ్ళందరూ చేసేదే. కానీ దీంట్లో నేను రెండుసార్లు తడబడ్డాను, కత్తి పట్టుకోకముందు ఒకసారి, కుట్లేసిన నాలుగో రోజు ఇంకోసారి, అందుకే రాస్తున్నా.

మాది తిరుపతిలో చిన్న వెటర్నరీ క్లినిక్. నేను, సాయానికి ఒక కుర్రోడు, ఒక ఎక్స్‌రే, ఒక పాత స్కానింగ్ మిషను. ఇక్కడ కుక్కల పొట్టకి ఒక క్యాలెండర్ ఉంటుంది, మేలో గంగమ్మ జాతర వారం వస్తే ఎముకలు మింగిన కేసులు, అది అయ్యీ అవ్వగానే టెంకలు. దామలచెరువు, బంగారుపాళ్యం, చిత్తూరు పక్కంతా మామిడి తోటలే కదా. పైగా ఆ ఏడాది బెంగుళూరా (తోతాపురి) కాయకి రేటు లేదు, ఫ్యాక్టరీ వాళ్ళు కిలోకి 8 రూపాయలు, గవర్నమెంటు 4 రూపాయలు అని చెప్పినా కూడా పల్ప్ ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరి నిలబడే ఉన్నాయి, కోత కూలి కూడా గిట్టదని చెట్ల మీదే వదిలేసినోళ్ళు ఉన్నారు. రాలిన కాయ రాలినట్టే పడుంటే తోటలో తిరిగే కుక్కకి అడ్డెవరు?

పేషెంటు లాబ్రడార్, మగ, 4 ఏళ్ళు, 29 కేజీలు, నల్లోడు, పేరు లడ్డు. పేరు మీద వాళ్ళింట్లో పెద్ద పంచాయితీ, స్వామి ప్రసాదం పేరు కుక్కకి పెడతార్రా అని అవ్వ ఒప్పుకోలేదంట, ఆమె మాత్రం నల్లోడా అనే పిలుస్తుంది, వాడు రెండిటికీ పలుకుతాడు. టీకాలు, పురుగుల మందు అన్నీ టైమ్‌కి వేయించినారు. పాకాల పక్కన వాళ్ళ తోట, తిరుపతిలో యజమాని చెల్లెలు వాళ్ళిల్లు.

శుక్రవారం సాయంత్రం తీసుకొచ్చినారు. ముందు రోజు నుంచి వాంతులు, నాలుగైదు సార్లు, మొదట తిన్నది, తర్వాత పసుపు పచ్చ నీళ్ళు. మోషన్ కొంచెమే. ఏం తిన్నాడన్నా అని యజమానిని అడిగితే "ఏమీ తినలేదు సార్, ఎప్పుడూ పెట్టేదే, పెరుగన్నం, కోడి కాళ్ళు" అన్నాడు. నేను రెండోసారి అడగలేదు. జ్వరం లేదు, 102.2. చిగుళ్ళు కాస్త పొడిబారినాయి. పొట్ట తడిమి చూశాను, లావు లాబ్రడార్, పొట్ట బిగబట్టేస్తున్నాడు, చేతికి ఏమీ తగల్లేదు. ఎండలు, పాడైన తిండి, మామూలు గ్యాస్ట్రైటిస్ (కడుపు లోపలి పొర వాపు) అనుకుని చర్మం కింద ఫ్లూయిడ్, ఆసిడ్ తగ్గించే పాంటోప్రజోల్, కేజీకి 1 మి.గ్రా లెక్కన మారోపిటెంట్ ఇచ్చి పంపించేశాను.

ఇదే నా మొదటి తప్పు. మారోపిటెంట్ మంచి మందే, అంత బాగా పనిచేసే వాంతుల మందు మన దగ్గర ఇంకోటి లేదు, సమస్య కూడా అదే. లోపల అడ్డం ఉన్నా సరే ఒక రోజు వాంతి ఆపేస్తుంది. శనివారం ఫోన్ చేసినారు, వాంతులు తగ్గినాయి సార్, పడుకున్నాడు అని. నేను కూడా హమ్మయ్య అనుకున్నా. తింటున్నాడా అని అడిగితే లేదన్నారు, రేపు తింటాడులే అని నేనే చెప్పాను. అసలు లాబ్రడార్ 24 గంటలు ముద్ద ముట్టలేదంటే అప్పుడే బండెక్కించి రమ్మనాల్సింది.

ఆదివారం రాత్రి మళ్ళీ మొదలు, ఈసారి గోధుమ రంగు, పేడ వాసన. సోమవారం పొద్దున 7 గంటలకే క్లినిక్ షట్టర్ ముందు ఆటో ఉంది. వాడిని చూస్తేనే తెలిసిపోయింది, కళ్ళు లోపలికి పోయినాయి, చర్మం పట్టి లాగితే నిదానంగా వెనక్కి పోతోంది, 8 శాతం దాకా డీహైడ్రేషన్ అని వేసుకున్నా, గుండె నిమిషానికి 150. వెంటనే ముందు కాలికి క్యాన్యులా (రక్తనాళంలో ఉంచే ప్లాస్టిక్ గొట్టం) పెట్టి రక్తం తీశాం. ఈ క్యాన్యులా టైము గుర్తు పెట్టుకోండి, సోమవారం పొద్దున 7:30.

పీసీవీ (రక్తంలో ఎర్ర కణాల శాతం) 56, టోటల్ ప్రొటీన్ 7.8, ఆల్బుమిన్ 2.9, క్రియాటినిన్ 1.9, పొటాషియం 3.1, క్లోరైడ్ 92. ప్లేట్లెట్లు 2 లక్షల పైనే ఉన్నాయి, అది చూసి ఊపిరి పీల్చుకున్నా, ఎందుకంటే మన పక్క పిడుదుల జ్వరం ఎంత ఎక్కువో తెలిసిందే, ప్లేట్లెట్లు చూడకుండా నేను ఏ కుక్క పొట్టా తెరవను. క్రియాటినిన్ కాస్త పెరిగింది కిడ్నీ చెడి కాదు, నీళ్ళు లేక. క్లోరైడ్, పొటాషియం పడిపోవడమే అసలు క్లూ, కడుపులో ఆసిడ్ అంతా వాంతిలో బయటికి పోతే రక్తంలో క్లోరైడ్ తగ్గి ఆల్కలోసిస్ (రక్తంలో క్షారం పెరగడం) వస్తుంది, ఉత్త గ్యాస్ట్రైటిస్‌లో ఇంత దూరం రావడం తక్కువ.

ఎక్స్‌రే రెండు వైపులా తీశాం. టెంక లేదు. నిజంగానే కనిపించదు, రాయి, ఎముక, రూపాయి బిళ్ళలాగా తెల్లగా కొట్టొచ్చినట్టు పడదు, చుట్టూ పేగులో ఉండే నీళ్ళూ అదీ దాదాపు ఒకే బూడిద రంగు. కనిపించింది మాత్రం గాలితో ఉబ్బిన పేగు. ఐదో నడుము పూస ఎత్తు కొలిస్తే 16 ఎంఎం, ఉబ్బిన పేగు 36 ఎంఎం, అంటే రెండింతల పైనే. 1.6 రెట్లు దాటితే అడ్డం ఉందని అనుమానించాలని మనం చదువుకున్న లెక్క, 2 దాటితే ఇక నాకు వాదన లేదు. కొన్ని పేగు చుట్లు ఉబ్బి, కొన్ని మామూలుగా ఉండటం ఇంకో గుర్తు, పార్వో వైరస్ లాంటి జబ్బుల్లో అయితే పేగంతా ఒకే తీరుగా ఉబ్బుతుంది.

స్కానింగ్ పెట్టి పేగు వెంబడే పోతుంటే ఒక చోట వంపు తిరిగిన తెల్ల గీత, దాని కింద నల్లటి నీడ, కత్తితో కోసినట్టు. అప్పుడు మళ్ళీ అడిగాను, అన్నా తోటలో కాయలు రాలి ఉన్నాయా అని. "రాలి ఉన్నాయి సార్, కానీ మావోడు కాయ తినడు, ఆడుకుంటాడు అంతే" అన్నాడు. తినడం వేరు మింగడం వేరు కదా. తీపి కాయ దొరికితే కుక్క గుజ్జు చీకుతుంది, చీకేటప్పుడు టెంక జారుతుంది, లాబ్రడార్ అయితే నమలకుండా గుటుక్కున మింగేస్తుంది.

ఆపరేషన్ తప్పదని చెప్పాను. ఖర్చు, ప్రాణాపాయం, కుట్టు విడిపోయే ప్రమాదం, ఏదీ దాచలేదు. వెటర్నరీ యూనివర్సిటీ కాలేజీ హాస్పిటల్ కూడా ఇదే ఊళ్ళో ఉంది, అక్కడికైనా పోవచ్చు అని కూడా చెప్పాను. అవ్వ ఒక్కటే మాట అనింది, "నువ్వే చెయ్ నాయనా, ఇంక తిప్పొద్దు వాణ్ణి."

వెంటనే బల్ల ఎక్కించలేదు. చానామంది కొత్త డాక్టర్లు ఇక్కడే తొందరపడతారు, అడ్డం కనిపించింది కదా అని ఎండిపోయిన కుక్కకి మత్తు ఇచ్చేస్తారు, బీపీ పడిపోతుంది. 29 కేజీలకి 8 శాతం అంటే 2.3 లీటర్ల దాకా లోటు. దాంట్లో సగం ముందు ఎక్కించాలనుకున్నా. క్లోరైడ్ తక్కువుంది కాబట్టి ఆర్ఎల్ (రింగర్ లాక్టేట్) కాకుండా నార్మల్ సెలైన్, మొదటి 500 ఎంఎల్ ఉత్తదే వేగంగా, తర్వాత సీసాలకి ఒక్కోదానికి పొటాషియం క్లోరైడ్ 7 ఎంఎల్ కలిపి గంటకి 200 ఎంఎల్ చొప్పున. పొటాషియం కలిపిన సీసా మీద స్కెచ్ పెన్‌తో పెద్దగా రాయిస్తా, ఎందుకంటే కేజీకి గంటకి 0.5 మిల్లీ ఈక్వివలెంట్ దాటకూడదు, ఎవరో వచ్చి చక్రం తిప్పేసి వేగం పెంచితే గుండె ఆగుతుంది. పదకొండున్నరకి గుండె 110కి దిగింది, చిగుళ్ళు తడి అయినాయి, ఒంటికి పోసినాడు కూడా. అప్పుడు లోపలికి తీసుకుపోయాం.

ముందు నొప్పికి బ్యూటార్ఫనాల్ కేజీకి 0.2 మి.గ్రా, నెమ్మది చేయడానికి మిడజోలామ్ 0.2, తర్వాత మత్తుకి ప్రోపోఫోల్ నిదానంగా చూసుకుంటూ, 4 మి.గ్రా లెక్క దాటలేదు. పేగు అడ్డం కేసుల్లో కడుపు నిండా నీళ్ళుంటాయి, మత్తు పడగానే గొంతులోకి ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే అంతే సంగతులు, అందుకని కుర్రోడు తల ఎత్తి పట్టుకునే ఉన్నాడు, గాలి గొట్టంలోకి ట్యూబు వేసి దాని చుట్టూ ఉండే బుడగ (కఫ్) ఊదేదాకా దించలేదు. సక్షన్ పక్కనే పెట్టుకున్నాం, ఒకసారి వాడాల్సి కూడా వచ్చింది. మత్తు గ్యాస్ ఐసోఫ్లూరేన్ 1.5 నుంచి 2 శాతం మధ్యలో నడిచింది. కోత గీతలో తిమ్మిరి మందు బ్యుపివకైన్ ఇచ్చాం, దానివల్ల గ్యాస్ తక్కువ పట్టింది.

పొట్ట తెరవగానే ఉబ్బిన పేగు తనంతట తనే పైకి తేలింది. జెజునమ్ (చిన్నపేగులో నడిమి భాగం) మధ్యలో టెంక గట్టిగా, బిగుసుకుని. దాని పైభాగం ఊదా రంగు, కింది భాగం మామూలు గులాబీ రంగు, ఖాళీగా నలిగిన దారంలా ఉంది. టెంక పైనున్న పేగు మీద రూపాయి బిళ్ళంత మచ్చ, బాగా నల్లగా. ఆ మచ్చ చూసి నా గుండె జారింది, అది చచ్చిన కండ అయితే ఆ ముక్క మొత్తం కోసి రెండు కొసలు కలిపి కుట్టాలి, టైమూ ఎక్కువ, ప్రమాదమూ ఎక్కువ.

ముందు టెంక తీసేద్దాం, తర్వాత చూద్దాం అనుకున్నా. కోత టెంక మీద పెట్టకూడదు, అక్కడ కండ ఇప్పటికే నలిగి ఉంటుంది, టెంకకి కింది పక్క, మంచి పేగు మీద, మెసెంటరీకి (పేగుని పట్టి ఉంచే, రక్తనాళాలు వచ్చే పొర) ఎదురు అంచున 4 సెంటీమీటర్లు కోశాను. టెంకని మెల్లగా కిందికి నొక్కుతూ వస్తే ముందు పీచు బయటికొచ్చింది, తర్వాత మొన, తర్వాత జారి ట్రేలో టంగుమని పడింది. చుట్టూ తడి మాపులు కట్టి పెట్టాం కాబట్టి ఒక్క చుక్క కూడా పొట్టలోకి పోలేదు.

తర్వాత పది నిమిషాలు ఏమీ చేయలేదు. వేడి సెలైన్‌లో ముంచిన గాజు గుడ్డ కప్పి ఊరికే నిలబడ్డాం. సర్జరీలో అన్నిటికన్నా కష్టమైన పని ఇదే నాకు, చేతులు ఊరుకోవు. గుడ్డ తీస్తే ఊదా రంగు పోయి ఎరుపు, మచ్చ కూడా అంచుల నుంచి తేలికవుతోంది. దాని పక్కన ఫోర్సెప్స్‌తో చిన్నగా గిల్లాను, పేగులో అల కదిలింది, మచ్చ దాటి పోయింది. చిన్న రక్తనాళం కొట్టుకుంటోంది. గోడ పట్టుకుంటే పల్చబడలేదు. కోయాల్సిన పని లేదు అని తేల్చుకున్నా, ఒకవేళ నా అంచనా తప్పితే మూడు నుంచి ఐదు రోజుల్లో తెలిసిపోతుంది, పేగు కుట్టు విడిపోయేది ఎక్కువగా ఆ రోజుల్లోనే.

కుట్టు 3-0 పీడీఎస్ (నిదానంగా కరిగిపోయే దారం), విడివిడి కుట్లు, అంచు నుంచి 3 ఎంఎం, ఒకదానికొకటి 3 ఎంఎం. పేగులో దారాన్ని పట్టి ఉంచేది సబ్‌మ్యూకోసా పొర ఒక్కటే, పైపొర మాత్రమే పట్టి కుడితే చూడటానికి అందంగా ఉంటుంది, నిలవదు. రెండు పక్కలా వేళ్ళతో మూసి 15 ఎంఎల్ సెలైన్ ఎక్కించి చూశాం, ఒక చోట చెమట బిందువులా వచ్చింది, ఇంకో కుట్టు వేశా. కడుపు నుంచి పెద్దపేగు దాకా మొత్తం వేళ్ళతో నడిపి చూడటం మర్చిపోకండి, ఒక టెంక మింగినోడు రెండు మింగడని రూలేం లేదు. ఇంకేం లేవు. గ్లోవ్స్, సామాను మార్చి, 3 లీటర్ల వేడి సెలైన్‌తో కడిగి పీల్చేసి, కుట్టు మీద ఓమెంటమ్ (పేగుల మీద ఉండే కొవ్వు పొర) కప్పి పొట్ట మూశాం. మొత్తం గంటా పది నిమిషాలు.

బయటికొచ్చి టెంక కడిగి ట్రేలో చూపిస్తే ఆ అన్న దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, కుక్క ఎట్లుందో కూడా అడక్కుండా "ఇది మా తోటది కాదు సార్" అన్నాడు. మాదంతా బెంగుళూరా, దాని టెంక పొడుగ్గా ఉంటుంది, ఇది నీలం, పక్క తోటోళ్ళది అని. కొలిస్తే ఐదున్నర సెంటీమీటర్లు, పొట్టిగా ఉబ్బుగా ఉంది. ఆయన చెప్పింది నిజమే అయ్యుంటుంది, బెంగుళూరా టెంక అంత పొడుగుది కడుపు దాటి పేగుదాకా రావడమే కష్టం. అప్పటిదాకా మావోడు తినడు అన్న మనిషి, కంచె కింద ఎక్కడ దూరి పోతాడో చోటుతో సహా చెప్పేసినాడు.

ఆ రాత్రి బాగానే గడిచింది. నొప్పికి బ్యుప్రెనార్ఫిన్ ఇచ్చాం, మెలొక్సికామ్ లాంటివి మాత్రం ఇవ్వలేదు, నలిగిన పేగు, ఎండిన కిడ్నీ ఉన్నోడికి ఆ గుంపు మందులు నేను ఇవ్వను. ఆపరేషన్ అయిన ఆరు గంటల తర్వాత కొంచెం నీళ్ళు, పన్నెండు గంటల తర్వాత తిండి. ఇంటోళ్ళు భయపడతారు, కుట్లు ఉన్నాయి కదా సార్ మూడు రోజులు పస్తు పెట్టాలి కదా అని, అది పాతకాలం మాట. పేగు గోడకి పోషణ లోపల నడిచే తిండి నుంచి కూడా అందుతుంది, ఖాళీగా పెడితే మానడం ఇంకా లేటు. వాడికి విశ్రాంతిలో రోజుకి 875 క్యాలరీల దాకా కావాలి, మొదటి రోజు మూడో వంతు, ఉడికించిన కోడి మెత్తగా చిదిమి అన్నంలో కలిపి నాలుగు గంటలకొకసారి ఇన్ని స్పూన్లు అని. అవ్వ సంగటి పెట్టచ్చా అనింది, పది రోజులు వద్దవ్వా అన్నా.

బుధవారం సాయంత్రం చెల్లెలు వాళ్ళింటికి పంపించాం, రోజూ పొద్దున యాంటీబయాటిక్ ఇంజెక్షన్‌కి తీసుకు రమ్మని, కాలికి క్యాన్యులా అట్లాగే ఉంచి.

శుక్రవారం పొద్దున వచ్చినారు. రాత్రి నుంచి తినలేదు, మూలన పడుకున్నాడు, జ్వరం 104.1. నాలుగో రోజు. నాకు ఆ నల్ల మచ్చ కళ్ళ ముందు తిరిగింది. కుట్టు లీకైంది, మచ్చ చిరిగింది, ఆ రోజే ముక్క కోసేసి ఉండాల్సింది అని తిట్టుకుంటూనే స్కానింగ్ పెట్టాను, పొట్టలో కొంచెం నీరు ఉంది. సూదితో 2 ఎంఎల్ తీశాం. పల్చటి ఎర్ర నీరు. మనుషుల షుగర్ మిషన్‌తోనే చూస్తే పొట్ట నీటిలో 88, రక్తంలో 96. లోపల చీము పట్టి ఉంటే క్రిములు షుగర్ తినేస్తాయి, తేడా 20 దాటుతుంది. ఇక్కడ 8. స్లైడ్ వేసి చూశా, న్యూట్రోఫిల్స్ (క్రిములతో పోరాడే తెల్ల కణాలు) ఉన్నాయి, ఆపరేషన్ అయిన పొట్టలో అవి ఉంటాయి, కానీ వాటి లోపల బ్యాక్టీరియా లేవు. ఆపరేషన్ తర్వాత ఈ షుగర్ లెక్కని గుడ్డిగా నమ్మకూడదు కాబట్టి ధైర్యం చాలక మళ్ళీ సాయంత్రం తీద్దాం అనుకుంటూ, అప్పటికి ఇంజెక్షన్ ఇవ్వమని కుర్రోడికి చెప్పాను.

మందు ఎక్కించగానే లడ్డు కుయ్యిమని అరిచి కాలు లాక్కున్నాడు. కుర్రోడు టేపు విప్పి "సార్ ఒకసారి చూడండి" అన్నాడు. కాలు పంజా దాకా వాచింది, మోచేతి వైపు నరం తాడులా గట్టిగా, ముట్టుకుంటే వేడి, క్యాన్యులా లాగితే వెంట ఒక చుక్క చీము. సోమవారం 7:30కి పెట్టింది, అంటే 96 గంటలు. దాంట్లో రెండు రాత్రులు ఇంట్లో, మట్టిలో పడుకుని, టేపు నాకుతూ. మూడు రోజులు దాటితే మార్చాలని నేనే అందరికీ చెబుతుంటాను.

ఇంకా సిగ్గుపడాల్సింది ఏంటంటే అసలు ఆ క్యాన్యులా అవసరమే లేదు. మంగళవారం నుంచి తింటున్నాడు, ఫ్లూయిడ్ అవసరం అప్పుడే తీరింది. యాంటీబయాటిక్ కూడా, పొట్టలోకి ఏమీ ఒలకనప్పుడు, పేగు చావనప్పుడు ఒక రోజుతో ఆపేయొచ్చు. ఐదు రోజులు ఇవ్వడం నా అలవాటు, ఇంటోళ్ళకి కూడా రోజూ ఇంజెక్షన్ పడితేనే వైద్యం జరిగినట్టు. ఆ అలవాటు కోసం పెట్టుంచిన ప్లాస్టిక్ ముక్కే వాడికి జ్వరం తెప్పించింది. కాలికి రోజుకి నాలుగుసార్లు వేడి కాపడం పెట్టించాం, యాంటీబయాటిక్ నోటి ద్వారా ఇచ్చాం, ఈసారి దేనికో తెలుసు కాబట్టి. సాయంత్రం మళ్ళీ పొట్ట నీరు చూద్దామంటే తీసేంత కూడా లేదు. శనివారం పొద్దున 102.4, గిన్నె నాకేసినాడు. ఆ తర్వాత నుంచి ఇంటికి పంపే ఏ జంతువు కాలికీ క్యాన్యులా ఉంచడం లేదు, రోజూ సూది నొప్పి అని ఇంటోళ్ళు గొణిగినా సరే.

ఇంకో మార్పు, హిస్టరీ అడిగే తీరు. ఏం తిన్నాడు అని అడిగితే పెట్టింది చెబుతారు, మింగింది ఎవరూ చూసుండరు. ఇప్పుడు తోట ఉందా, పక్క తోట ఏ కాయ, ఇంట్లో నిన్న చికెనా మటనా అని అడుగుతున్నా. పిల్లి వాంతులతో వస్తే పటాలకి పూల దండ ఎప్పుడు మార్చినారు, పాతది ఎక్కడేసినారు అని. నవ్వుతారు, కానీ వాడిన దండ దారం పిల్లికి ఆట వస్తువు, అది నాలుక కింద చుట్టుకుని ఇంకో కొస పేగులోకి పోయి పేగుని కుచ్చిళ్ళలా ముడిచేస్తుంది. నోరు తెరిచి నాలుక ఎత్తి చూడండి, దారం కనిపిస్తే మాత్రం లాగకండి, పేగు రంపంతో కోసినట్టు తెగుతుంది.

పన్నెండో రోజు కుట్లు తీశాం. 27.6 కేజీలు, కాలి వాపు పోయింది, వెంట్రుకలు ఇంకా రాలేదు. సీజన్ అయ్యేదాకా తోటలోకి వదలొద్దు, వదిలితే మూతికి బుట్ట లాంటి మజిల్ కొనండి అని చెప్పి పంపించా. వారం తర్వాత వాట్సాప్‌లో ఫొటో వచ్చింది, దూడకి కట్టే తాడు చిక్కం తెచ్చి లడ్డు మూతికి కట్టినారు, వెనకాల కంచె కింద సందు రాళ్ళతో పూడ్చేసి ఉంది. నోరు తెరిచి వగర్చడానికి వీలుందా, ఎండలో అది ముఖ్యం అని అడిగితే ఇంకో ఫొటో పెట్టినారు, చిక్కం కన్నాల్లోంచి నాలుక మొత్తం బయటేసి నిలబడున్నాడు.